36 అంటే ముప్పై ఆరు కాదు

పంటి డాక్టరు చీటీ మీద 36 అని ఉంటే దాన్ని ముప్పై ఆరు అని చదవకూడదు. మూడు, ఆరు అని విడదీసి చదవాలి. నోట్లో ఉండేవే ముప్పై రెండు పళ్లు కదా, ముప్పై ఆరోది ఎక్కడిదన్న అనుమానం చాలామందికి వస్తుంది. అది లెక్క కాదు, చిరునామా. మొదటి అంకె పేటను చెబుతుంది, రెండోది ఇంటిని.

చెన్నైలో టి. నగర్ తెలిసినవాళ్లకు ఈ పద్ధతి తేలిగ్గా పట్టుబడుతుంది. పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టుకున్న ఆ పేటకు నడిబొడ్డు పానగల్ పార్కు. ఆ పేరూ ఒక తెలుగువాడిదే, పానగల్ రాజాది. అక్కడి నుంచి ఉత్తరానికి ఒక ఉస్మాన్ రోడ్డు, దక్షిణానికి ఒక ఉస్మాన్ రోడ్డు. ఏ ఉస్మాన్ రోడ్డో చెప్పకపోతే ఆటో రెండు చుట్లు తిరగాల్సిందే. నోటికీ అలాంటి నడిబొడ్డు ఉంది: ముందు పళ్లు రెండింటి మధ్య గీత. అక్కడి నుంచి నోరు నాలుగు పేటలు. రోగి కుడివైపు పై దవడ 1, ఎడమవైపు పైది 2, ఎడమవైపు కిందిది 3, కుడివైపు కిందిది 4. ప్రతి పేటలోనూ గీత పక్క పన్ను 1తో మొదలై, చివరి జ్ఞానదంతం 8తో ముగుస్తుంది. 1, 2 కొరికే పళ్లు, 3 కోరపన్ను, 4, 5 చిన్న దవడ పళ్లు, 6, 7, 8 పెద్ద దవడ పళ్లు. బడి పుస్తకంలోని కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు ఇవే. 36 అంటే ఎడమ కింది దవడలో మొదటి పెద్ద దవడ పన్ను అన్నమాట.

చెన్నై ఇళ్ల గుమ్మాల మీద పాత నంబరు, కొత్త నంబరు రెండూ కనిపిస్తాయి. పంటికీ అంతే. రెండంకెల పద్ధతిని అంతర్జాతీయ దంతవైద్య సమాఖ్య 1970ల మొదట్లో ప్రచారంలోకి తెచ్చింది. అమెరికాలో మాత్రం కుడి పై జ్ఞానదంతం నుంచి 1, 2, 3 అంటూ వరసగా 32 దాకా లెక్కిస్తారు. అక్కడి రిపోర్టులో 19 అని ఉన్న పన్నే ఇక్కడి 36. డాలస్‌లో మొదలుపెట్టిన వైద్యాన్ని సెలవుల్లో టి. నగర్‌లో ముగించుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. రెండంకెల పద్ధతిలో 19 అనే పన్నే లేదు.

పాల పళ్లకు 5, 6, 7, 8 అనే వేరే పేటలున్నాయి. ఒక్కో పేటలో అయిదేసి, మొత్తం ఇరవై. ఇక్కడే ఇళ్లలో పెద్ద పొరపాటు జరుగుతోంది. పిల్లలకు ఆరేళ్లు వచ్చేసరికి ఎడమ కింద చివరి పాల పన్ను, అంటే 75 వెనక 36 మొలుస్తుంది. అది ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి తల్లిదండ్రులు దాన్నీ పాల పన్నే అనుకుంటారు. ఊడిపోయేదే కదా అని వదిలేస్తారు. అది ఊడేది కాదు, జన్మంతా నమలాల్సిన పన్ను. పైగా దాని పైభాగం లోతైన గాళ్లతో ఉండి అన్నం మెతుకులను పట్టి ఉంచుతుంది. ఆరేళ్ల పిల్లల నోరు తెరిచి వెనక వరస చూడటం ఏ తల్లికైనా అర నిమిషం పని.

చీటీలో అంకె తర్వాత వచ్చేది గోడ పేరు. పన్ను ఇల్లనుకుంటే పార్కు వైపు, అంటే మధ్య గీత వైపు గోడ మీసియల్. దానికి ఎదురుది డిస్టల్. బుగ్గను తాకే వీధి గోడ బక్కల్, నాలుకను తాకే పెరటి గోడ లింగ్వల్. నమిలే డాబా అక్లూజల్. రెండు ఇళ్ల మధ్య సందు చాలా ముఖ్యం. టి. నగర్‌లోని రంగనాథన్ వీధిలో పండగ నాటి సాయంత్రం లోపలికి వెళ్లడం ఎంత కష్టమో ఆ సందులోకి బ్రష్షు దూరడం అంత కష్టం. డాక్టరు కంటికి కూడా అక్కడి పుచ్చు ఆనదు. అందుకే ఎక్స్‌రే, అందుకే ఇంట్లో దారంతో శుభ్రం చేసుకోమనడం.

ఇంటికి మూడు పొరలు. పైది ఎనామిల్, మన పింగాణి పొర. శరీరంలో అంతకంటే గట్టి పదార్థం లేదు, కానీ అరిగితే మళ్లీ పెరగదు. దాని కింద డెంటిన్. చల్లనిది తగిలితే జివ్వుమనేది ఇక్కడి నుంచే. లోపల పల్ప్, అంటే నరాలు, రక్తనాళాలు ఉన్న మెత్తని గుజ్జు.

పిప్పి పన్నును డాక్టర్లు కేరీస్ అంటారు, టి. నగర్‌లో తమిళంలో సొత్తై పల్. దాన్ని పురుగు తినదు. నోట్లోని సూక్ష్మక్రిములు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం పింగాణి పొరను కరిగిస్తుంది. 1728లోనే ఫ్రెంచి దంతవైద్యుడు పియరీ ఫొషార్ సూక్ష్మదర్శినితో వెతికి పురుగులు కనబడలేదని రాశాడు. 1890లో మిల్లర్ అనే మరో దంతవైద్యుడు ఆమ్లం సంగతి వివరించాడు. అయినా వాకుడు గింజల పొగ పట్టించి, నీళ్లలో తేలిన తెల్లని పోగులను పురుగులని చూపించేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పోగులు గింజలవే, పంటివి కావు.

పుచ్చు డెంటిన్ దాకా ఆగితే ఫిల్లింగ్ చాలు. పల్ప్‌కు చేరి చీము పడితే రూట్ కెనాల్, చీటీలో ఆర్‌సీటీ, తమిళంలో వేర్ సికిచ్చై. చెడిన గుజ్జును తీసి, వేర్ల లోపలి గొట్టాలను శుభ్రం చేసి మూసేస్తారు. పన్ను ఎముకలో ఎప్పటిలాగే నిలబడుతుంది. పెళుసుబారిన ఆ పన్ను విరగకుండా పైన వేసే తొడుగే క్రౌన్, వాడుకలో క్యాప్. పోయిన పన్నుకు పక్క పళ్ల ఆసరాతో కట్టేది బ్రిడ్జి, ఎముకలో టైటానియం మర దింపి నిలిపేది ఇంప్లాంట్.

చిగురును తమిళంలో ఈరు అంటారు. తెలుగులో ఈరు తలలోది కాబట్టి కొత్తగా చెన్నై వచ్చినవాళ్లు ఆ మాటకు ఉలిక్కిపడతారు. చిగుళ్ల దగ్గర మెత్తని పాచి ప్లేక్, అది గట్టిపడితే గార, అంటే కాల్‌క్యులస్. దాన్ని తీయడమే స్కేలింగ్. స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్నది తప్పు. గార వల్ల చిగురు, ఎముక ముందే కుంగిపోయి ఉంటాయి. గార ఊడగానే ఆ ఖాళీ బయటపడుతుంది. మొబిలిటీ గ్రేడ్ 3 అని రాస్తే ఆ పన్ను పక్కలకే కాక పైకీ కిందికీ కదులుతోందని అర్థం.

అలాంటి పన్ను పక్కన ఎక్స్‌ట్రాక్షన్ అని ఉంటుంది, అంటే పీకడం. పై పన్ను పీకితే చూపు పోతుందని భయపడి నెలల తరబడి చీముతో తిరిగేవాళ్లున్నారు. మెదడు నుంచి వచ్చే నరాల జతల్లో చూపుది రెండోది, పళ్లది అయిదోది. పంటికి వచ్చే కొమ్మ వేరు, కంటి చూపును మోసే నరం వేరు.