ఆటలమ్మ నిజంగా వెళ్లిపోతుందా?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో, ఐ.ఐ.టి. సమీపాన, ప్రేమ్ బజార్ ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఉపాధికై వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో తరాలుగా మాతృభాషను నిలుపుకున్నాయి. ఇలాంటి చోట బిడ్డ ఒంటిపై నీటిపొక్కులు లేస్తే తెలుగు ఇల్లు 'ఆటలమ్మ పోసింది' అంటుంది. పొరుగున ఉన్న బెంగాలీ ఇల్లు 'జలబసంత' అంటుంది. ఇక్కడ అమ్మవారు, అక్కడ శీతలాదేవి. వేపమండలు మాత్రం ఇద్దరికీ ఒకటే.

కొద్దిరోజులలో పొక్కులు మాడిపోతాయి. బిడ్డకు తలంటి, 'అమ్మ చల్లగా వెళ్లిపోయింది' అని పెద్దలు ఊరట చెందుతారు. కాని అది వెళ్లిపోదు!

ఆ వ్యాధిని కలిగించిన వైరస్ నరాల మూలాన ఉండే నాడీకణుపులలో తలదాచుకుంటుంది. దేహరక్షణశక్తి కాపలా కాస్తున్నంతకాలం నిద్రాణంగా ఉంటుంది. వార్ధక్యంవల్లనో, మరో వ్యాధివల్లనో ఆ కాపలా సడలిననాడు, దశాబ్దాల నిద్ర చాలించి, ఒక నరం వెంట చర్మానికి తిరిగివస్తుంది. ఒంటికి ఒక ప్రక్కనే పట్టీలాగా పొక్కులు, నిప్పు పెట్టినట్లు మంట. మనవారు 'సర్పి' అన్నది దీనినే. పాము తలా తోకా కలిస్తే మరణమేనన్న భయానికి ఆధారం లేదు. ఒక్కొక్క నరం దేహంలో ఒక పార్శ్వానికే పరిమితం కనుక పొక్కులు సాధారణంగా నడిమిగీత దాటవు.

రెండు వ్యాధులకూ వైరస్ ఒక్కటేనని 1950లలో అమెరికా శాస్త్రజ్ఞుడు థామస్ వెల్లర్ నిరూపించాడు. ఇంగ్లండులోని సిరెన్‌సెస్టర్ వైద్యుడు ఎడ్గర్ హోప్-సింప్సన్ తన రోగులను ఏళ్లతరబడి గమనించి, 1965లో ఈ నిద్రాణస్థితిని గురించిన సిద్ధాంతాన్ని ప్రకటించాడు. మానవులను ఆశ్రయించే హెర్పిస్ వైరస్‌లు తొమ్మిది. పెదవిపై మాటిమాటికీ పొక్కులు లేపేదీ ఆ వంశానిదే. ఒకసారి చేరితే వీటిలో ఏదీ పూర్తిగా విడిచిపోదు.

సర్పి కనిపించిన 72 గంటలలోగా ఎసైక్లోవిర్ వంటి మందు ఆరంభిస్తే తీవ్రత తగ్గుతుంది. పసరు పూతలతో ఆ గడువును జారవిడువరాదు. కంటిచుట్టూ వస్తే చూపుకే ముప్పు. వెంటనే వైద్యుని చూడాలి. 50 ఏళ్లు దాటినవారికి కొత్త నివారణ టీకా 2023లో మన దేశానికీ వచ్చింది.

మరొక్క మాట. తాతగారి సర్పి పొక్కుల నీరు తగిలితే, ఆటలమ్మ ఎన్నడూ రాని, టీకా వేయించుకోని మనుమడికి వచ్చేది సర్పి కాదు, ఆటలమ్మ. తాత తన బాల్యంలో తెచ్చుకున్న వైరస్ అలా మూడో తరానికి చేరుతుంది. తరాలు దాటించదగినది భాష, ఇది కాదు. పొక్కులు ఎండేదాకా వాటిని కప్పి ఉంచడం ఇంటిల్లిపాదికీ క్షేమం.