6.4 మధుమేహ రోగుల్లో కొలెస్ట్రాల్ నియంత్రణ – ప్రభావితం చేసే అంశాలు

మధుమేహం ఉన్నవారు షుగరు ఎంత ఉందని అడుగుతారు. కొలెస్ట్రాల్ గురించి అంతగా అడగరు. కానీ వారి ప్రాణాలకు ఎక్కువ ముప్పు గుండె, రక్తనాళాల జబ్బుల నుంచే. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2022లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మధుమేహం ఉందని తెలిసినవారిలో 41.5 శాతం మందికే ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ అదుపులో ఉంది. చక్కెర, రక్తపోటు, కొలెస్ట్రాల్ మూడూ అదుపులో ఉన్నవారు 7.7 శాతమే. దీనికి కారణాలు పరిశీలిద్దాం.

6.4.1 వ్యాధి స్వభావం

ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు కాలేయం ట్రైగ్లిజరైడ్లను ఎక్కువగా విడుదల చేస్తుంది. మంచి కొలెస్ట్రాల్ అయిన హెచ్‌డీఎల్ తగ్గుతుంది. ఎల్‌డీఎల్ కణాలు చిన్నవిగా, సాంద్రంగా మారి ధమనుల గోడల్లోకి సులువుగా చేరతాయి. థైరాయిడ్ లోపం ఉంటే కొలెస్ట్రాల్ మరింత పెరుగుతుంది.

6.4.2 పరీక్ష అందుబాటు

వికారాబాద్ జిల్లా నవాబుపేట మండలంలోని ఒక రైతును ఊహించండి. వేలి కొస నుంచి తీసిన రక్తపు చుక్కతో షుగరు ఊళ్లోనే తెలుస్తుంది. లిపిడ్ పరీక్షకు మాత్రం నరం నుంచి రక్తం తీసి ప్రయోగశాలకు పంపాలి. పత్తి పనుల రోజుల్లో ఫలితం కోసం మళ్లీ ఆసుపత్రికి వెళ్తే ఒక రోజు పని పోతుంది. ఫలితం చూడకపోతే పాత మోతాదే కొనసాగుతుంది.

ఉదాహరణ: మొత్తం కొలెస్ట్రాల్ 210, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 200 మి.గ్రా. అనుకుందాం. ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు 40. కాబట్టి ఎల్‌డీఎల్ = 210 – 40 – 40 = 130. మధుమేహ రోగికి ఇది కనీసం 100 లోపు, గుండె జబ్బు కూడా ఉంటే ఇంకా తక్కువ ఉండాలి.

6.4.3 మందుల వాడకం

40 ఏళ్లు దాటిన మధుమేహ రోగులకు కొలెస్ట్రాల్ అంకె ఎంత ఉన్నా సాధారణంగా స్టాటిన్ మాత్రలు సూచిస్తారు. కొలెస్ట్రాల్ పెరిగితే నొప్పి, నీరసం తెలియవు. అందువల్ల "రిపోర్టు నార్మల్ వచ్చింది" అని కొందరు మాత్రలు మానేస్తారు. ఆ నార్మల్ మాత్ర వల్ల వచ్చిందే. మానితే కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతుంది. కండరాల నొప్పి వస్తే సొంతంగా ఆపకుండా వైద్యునికి చెప్పాలి.

6.4.4 ఆహారం

పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు ఉంటుంది. ఇది ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. జొన్న రొట్టె, కందిపప్పు, ఆకుకూరల్లోని పీచు మేలు చేస్తుంది. అయితే ఆహారం మాత్రకు తోడే గాని ప్రత్యామ్నాయం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. షుగరు అదుపులో ఉన్న రోగికి కూడా లిపిడ్ పరీక్ష ఎందుకు అవసరం?
2. మొత్తం కొలెస్ట్రాల్ 190, హెచ్‌డీఎల్ 45, ట్రైగ్లిజరైడ్లు 150 అయితే ఎల్‌డీఎల్ ఎంత? అది లక్ష్యం లోపు ఉందా?