పొట్లాల నష్టం: సగటు చెప్పని సంగతి

ఖండాంతరాలలో ఉన్న ఆత్మీయులతో ఇంటర్నెట్ ద్వారా మాట్లాడేటప్పుడు మాట మధ్యలో తెగిపోవడం మనందరికీ అనుభవమే. ఆ తెగిన చోట ఎంత పోయిందన్న ప్రశ్నకు సాధారణంగా శాతాలలో జవాబు వస్తుంది. ఎంత పోయిందన్నది ముఖ్యమే. ఏ వరుసలో పోయిందన్నది అంతకంటె ముఖ్యం. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకుండా పరీక్షించిన ఫోను వ్యవస్థ ప్రయోగశాలలో నెగ్గి, మన ఇళ్ళలో ఓడిపోతుంది. కారణమేమిటో పరిశీలిద్దాం.

మాట ప్రయాణించే తీరు

మనం పలికిన ధ్వనిని ఫోను చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ప్రతి ముక్కకూ వరుస సంఖ్య వేసి పంపుతుంది. ఇంగ్లీషులో ప్యాకెట్ అని పిలిచే ఈ ముక్కను తెలుగులో పొట్లం అందాం. సాధారణంగా ఒక్కొక్క పొట్లంలో 20 మిల్లీసెకన్ల ధ్వని ఉంటుంది. అంటే సెకనుకు 50, నిమిషానికి 3,000 పొట్లాలన్నమాట. దారి పొడవునా ఉన్న రౌటర్లు వచ్చిన పొట్లాలను వరుసలో నిలిపి, ఒకదాని వెంట ఒకటి ముందుకు సాగనంపుతాయి. నిలిపే చోటు నిండిపోతే కొత్తగా వచ్చినవాటిని పారవేస్తాయి. వైఫై, మొబైల్ మార్గాలలోనైతే రేడియో సంకేతం బలహీనపడినప్పుడు కూడా పొట్లాలు పాడవుతాయి. ఇక సమయం మించిపోయాక చేరిన పొట్లం సంభాషణకు పోయినదానితో సమానమే.

నిమిషానికి 2 శాతం, అనగా 60 పొట్లాలు పోయాయనుకుందాం. అవి సెకనుకు ఒకటి చొప్పున విడివిడిగా పోతే, ఇరుపక్కలనున్న ధ్వనిని బట్టి ఫోను ఆ సందులను పూడ్చగలదు. మన చెవి దాదాపుగా పసిగట్టదు. అవే 60 ఒక్కసారిగా పోతే 1.2 సెకన్ల నిశ్శబ్దం మిగులుతుంది. సగటు మాత్రం రెండింటికీ ఒకటే.

ఇందులో మన భాషకు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి ఉంది. తెలుగులో నిషేధం క్రియ చివర వచ్చి చేరుతుంది. “ఆ మాత్ర వేసుకోవద్దు” అన్న వాక్యంలో చివరి పదిహేను పొట్లాలు, అంటే 0.3 సెకను ధ్వని, పోతే అవతలివారికి వినిపించేది “ఆ మాత్ర వేసుకో” అని!

పాచికల లెక్క

ఫోను ప్రోగ్రాములను తయారుచేసేవారు ముందుగా ప్రయోగశాలలో నష్టాన్ని కృత్రిమంగా కల్పించి పరీక్షిస్తారు. లైనక్స్‌లో ఇందుకోసం నెట్‌ఎమ్ అనే సాధనం ఉంది. అతి సులువైన పద్ధతి, ప్రతి పొట్లానికీ పాచిక వేసినట్లుగా నూటికి రెండింటిని పారవేయడం. ఇక్కడ ఒక పొట్లం పోవడానికీ, తరువాతిది పోవడానికీ సంబంధం ఉండదు. కనుక ఎంచుకున్న ఒక చోట వరుసగా పది పొట్లాలు పోయే సంభావ్యత సుమారు వెయ్యి కోట్ల కోట్లలో ఒక వంతు. మన ఫోనులలో తరచు జరిగే సంఘటన ఈ పరీక్షలో ఆచరణలో ఎన్నటికీ జరగదు.

నిజమైన నష్టం గుంపులుగా వస్తుంది. నిండిన వరుస మరుక్షణంలో ఖాళీ కాదు గదా! వెర్న్ పాక్సన్ అనే శాస్త్రజ్ఞుడు 1994, 1995 సంవత్సరాలలో 35 ప్రదేశాల మధ్య సుమారు 20,000 ఫైలు బదిలీలను నమోదు చేసి, ఒక పొట్లం పోయిన తరువాత దాని వెనుకది కూడా పోయే అవకాశం సగటుకంటె ఎంతో ఎక్కువని చూపారు.

ఇందుకు తగిన గణిత నమూనా అంతకుముందే సిద్ధంగా ఉంది. బెల్ ప్రయోగశాలలకు చెందిన ఎడ్గర్ గిల్బర్ట్ 1960లో ‘మంచి’, ‘చెడు’ అనే రెండు స్థితుల మధ్య మారుతూ ఉండే మార్గాన్ని ఊహించారు. 1963లో ఇ. ఓ. ఎలియట్ దానిని విస్తరించారు. సగటున 490 పొట్లాలు క్షేమంగా చేరి, తరువాత సగటున 10 వరుసగా పోయేటట్లు అమరిస్తే నష్టం అదే 2 శాతం. అయితే ఇప్పుడు సుమారు పది సెకన్లకొకసారి 0.2 సెకను మాట మాయమవుతుంది.

కొలతలు ఎక్కడివి?

ఈ 490, 10 అంకెలు ఊహనుంచి కాక కొలతలనుంచి రావాలి. స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ కేంద్రంలో 1995లో మొదలైన పింగర్ పథకం అనేక దేశాల మధ్య నష్టాన్ని ఏళ్ళ తరబడి కొలిచింది. అయితే పింగ్ పద్ధతిలో పొట్లం వెళ్ళేటప్పుడు పోయిందో, జవాబు వచ్చేటప్పుడు పోయిందో తెలియదు. పైగా కొన్ని రౌటర్లు అటువంటి ప్రశ్నలకు తక్కువ ప్రాధాన్యమిస్తాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్.సి.సి. 2011నుంచి ప్రచురించిన బ్రాడ్‌బ్యాండ్ కొలతలు విలువైనవే కాని, నష్టాన్ని అవి మొత్తాలుగా చెబుతాయి. రసాయన శాస్త్రంలో దీనికి చక్కని పోలిక ఉంది. రోజంతా సేకరించిన కాలువ నీటిని ఒకే పాత్రలో కలిపి పరీక్షిస్తే సగటు గాఢత తెలుస్తుంది. తెల్లవారుజామున ఒక్క గంట విషం పారిన సంగతి తెలియదు.

కావలసినది చేరినదానికి 1, పోయినదానికి 0 వేసిన వరుస పట్టిక. అందులో మాట ఒక్కటీ ఉండదు గనుక గోప్యతకు భంగం తక్కువ. మైక్రోసాఫ్ట్ 2022లో నిర్వహించిన ధ్వని పునరుద్ధరణ పోటీకి నిజమైన సంభాషణలలో నమోదైన ఇటువంటి వరుసలనే ఆధారం చేసుకొన్నారు. సొంతంగా కొలవదలచినవారు సంభాషణలో ఉండే వేగంతోనే, 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున పొట్లాలు పంపి, రెండు దిశలనూ వేరువేరుగా, ఉదయమూ రాత్రీ నమోదు చేయాలి.

ఒక హెచ్చరిక. ఫైలు బదిలీకి ఈ పట్టికలు పనికిరావు. వాన్ జాకబ్సన్ 1988లో వివరించిన పద్ధతి ప్రకారం పంపేవాడు నష్టం కనబడేదాకా వేగం పెంచి, కనబడగానే తగ్గిస్తాడు. అక్కడ నష్టానికి పంపేవాడూ కొంత కారకుడే. కనుక ఒకరి పట్టికను మరొకరికి వర్తింపజేయకుండా, మార్గపు సామర్థ్యాన్నీ వరుస పొడవునూ అనుకరించి, నష్టాన్ని దానంతటదే పుట్టనివ్వాలి.

చివరికి తేలేదేమిటంటే, కొలతలు ఏ ఇళ్ళనుంచి వస్తే యంత్రం ఆ ఇళ్ళకే తగినదిగా తయారవుతుంది. నగరపు కార్యాలయాలలోనే కొలిస్తే, టవరుకు దూరంగా ఉన్న పల్లెలో అమ్మ చెప్పే మాటకు ఆ పరీక్షలో చోటుండదు. అటువంటి ఇళ్ళ కొలతలు కూడా పట్టికలకెక్కేవరకు, మందుల విషయం వచ్చినప్పుడు “వద్దు” అన్న మాటను విడిగా మరొకసారి చెప్పించుకోవడం క్షేమం.