మేఘములలోని నక్షత్రముల దూరము

ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణాలయ మున్నది. సర్వేయరు అచట ఒక ఆధారరేఖను కొలిచి, దాని రెండు కొనలనుండి నాచారములోని నీళ్లట్యాంకును చూచి కోణములు గ్రహించినచో, అంతదూరము నడువకయే దాని దూరము చెప్పగలడు. నక్షత్రములకును ఇదియే ఉపాయము. భూమి ఆరునెలలలో కక్ష్యకు ఆవలికొన చేరును. నడిమి 30 కోట్ల కిలోమీటర్లే ఆధారరేఖ.

కొత్తగా పుట్టిన భారీ నక్షత్రములు ధూళిమేఘములలో దాగియుండును. ఆ మేఘములలోని మిథనాల్ అణువుల రేడియోతరంగములు మాత్రము ధూళిని దాటివచ్చును. దూరపు క్వేజార్లతో పోల్చి వాని స్థానభేదమును కొలువగా, పెర్సియస్ భుజమందలి డబ్ల్యు3(ఓహెచ్) సుమారు 6,400 కాంతిసంవత్సరముల దూరమున నున్నదని 2006లో తేలినది. వేగమునుబట్టి మునుపు కట్టిన లెక్క ఇందుకు రెట్టింపును మించియుండెను. దూరము సగమైనచో నక్షత్రపు నిజకాంతి నాలుగవవంతే యగును! కనుక దూరము తప్పినచో నక్షత్రపు లెక్క లన్నియు తప్పును.