కొలతలతో నేరస్థుని గుర్తించిన కాలము

ఒకమారు శిక్ష ననుభవించి విడుదలయైన దొంగ మరల పట్టుబడి పేరు మార్చి చెప్పినచో, అతడే యితడని నిరూపించుట పందొమ్మిదవ శతాబ్దమున పోలీసులకు దుస్సాధ్యమైన పని. ఫ్రాన్సు దేశమున పూర్వము దోషుల దేహములపై కాల్చిన యినుముతో ముద్ర వేయుచుండిరి. ఆ క్రూరాచారమును 1832లో రద్దుచేయుట మానవత్వమునకు శుభమే గాని, ముద్ర పోయిన పిమ్మట పాత నేరస్థుని క్రొత్తవానినుండి వేరుచేయుటకు అధికారుల జ్ఞాపకశక్తియే ప్రధానాధారమయ్యెను. ఛాయాచిత్రములు వచ్చినవి, అయినను పేర్ల వరుసను పేర్చిన వేలకొలది చిత్రములలో, పేరునే దాచినవాని చిత్రమును వెదకుట యెట్లు?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు 1879లో పారిస్ పోలీసు కార్యాలయమున చేరిన చిన్న గుమాస్తా, అల్ఫోన్స్ బెర్టిలాన్. తండ్రి వైద్యుడును, జనసంఖ్యా గణాంకములలో నిష్ణాతుడును గావున, మానవదేహపు కొలతలను గూర్చిన చర్చ అతనికి ఇంటనే పరిచితము. యౌవనము నిండిన పిదప ఎముకల పొడవు ఇంచుమించు మారదనియు, ఏ యొక్క కొలతయో పలువురికి సమానము కావచ్చును గాని అన్ని కొలతలును ఇద్దరికి కలియుట మిక్కిలి యరుదనియు అతడు గ్రహించెను. నిలువెత్తు, బార, మూర, తల పొడవు, తల వెడల్పు, కుడిచెవి, ఎడమపాదము, ఎడమచేతి నడిమివ్రేలు మొదలుగా 11 కొలతల నాతడు నిర్ణయించెను. పైయధికారి మొదట దీనిని త్రోసిపుచ్చెను. అతని తరువాత వచ్చిన కామెకాస్ 1882 చివర మూడు నెలల గడువు మాత్రమిచ్చెను. ఆ గడువు ముగియకమునుపే, 1883 ఫిబ్రవరిలో, మారుపేరుతో వచ్చిన పాత దోషి యొకడు కొలతలచేత బయటపడెను. 1884లో అట్లు గుర్తింపబడినవారు 241 మంది.

బెర్టిలాన్ యొక్క నిజమైన ప్రతిభ కొలుచుటయందు గాక అమర్చుటయందు గలదని నా నిశ్చితాభిప్రాయము. ప్రతి కొలతను చిన్న, మధ్యమ, పెద్ద యని మూడుగా విభజించినచో, తల పొడవుచే మూడు వర్గములు, దానికి తల వెడల్పు చేరగా తొమ్మిది, మూడవ కొలతతో 27, నాలుగవదానితో 81 ఏర్పడును. ఇట్లు విభజించుచు పోగా, బీరువాలోని అపారమైన చీట్ల నడుమ వెదకవలసినవి కొలదిపాటి మాత్రమే మిగులును. పేరుతో నిమిత్తమే లేదు.

లోపము కొలచు చేతిలోనే యుండెను. ఒకే మనిషిని ఇద్దరు ఉద్యోగులు కొలచినచో రెండు ఫలితములు రాగలవు. పెరుగుచున్న బాలురకు ఈ పద్ధతి పనికిరాదు. అన్నిటిని మించి, దొంగ తన మూరను నేరస్థలమున విడిచిపోడు, వ్రేలిముద్రను విడిచిపోవును. బంగాళమున ఈ కొలతలను ప్రవేశపెట్టిన పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీయే వాటిని విడిచి వ్రేలిముద్రలవైపు మరలెను. వ్రేలిరేఖలు మనిషి మనిషికి భిన్నములని హెర్షెల్, గాల్టన్ మొదలగు పరిశోధకులు అదివరకే చెప్పియుండిరి, కొరవడినది అమరికయే. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అను ఇద్దరు భారతీయోద్యోగుల గణితప్రజ్ఞ తోడుకాగా, ముద్రలు 1024 వర్గములుగా విభక్తములై, 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. ఆ పద్ధతికి హెన్రీ పేరొక్కటియే నిలిచిపోవుట నాకు నేటికిని బాధాకరము.

బెర్టిలాన్ కొలతలు వీడు వాడేనా యను ప్రశ్నకు మాత్రమే బదులు చెప్పెను. ఆ కాలముననే ఇటలీలో లోంబ్రోసో అను వైద్యుడు కపాలమును, దవడను చూచి పుట్టుకచేతనే నేరస్థుని పోల్చవచ్చునని బోధించెను. మొదటిది జరిగినదానికి సాక్ష్యము. రెండవది జరుగనిదానికి శిక్ష. మన దేశమున 1871 నాటి నేరస్థ జాతుల చట్టము కపాలమునైనను కొలువక, ఫలానా కులమున జన్మించుటనే దోషముగా నెంచెను. 1911 నాటి చట్టము జాబితాలో చేరినవారి వ్రేలిముద్రలను కోరినప్పుడెల్ల తీసికొను అధికారమును పోలీసుల కొసగెను. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురమున ఎరుకలవారిని నిర్బంధముగా నిలిపినది ఆ శాసనపు నీడనే. కావలివారికి హాజరు చెప్పి బ్రదికిన ఆ కుటుంబములకు ఆ చట్టము 1947లో గాని తొలగలేదు.