వాక్కు, ధారణ: మస్తిష్క ఖండాల వ్యాపారాలు

మనస్సుకు స్థానమేది అన్న ప్రశ్న భారతీయ శాస్త్రకారులకు కొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానం 17వ అధ్యాయంలో శిరస్సును ప్రాణానికీ, సర్వేంద్రియాలకూ ఆశ్రయమైన ఉత్తమాంగంగా పేర్కొన్నది. అదే స్థానంలోని 30వ అధ్యాయం చిత్తానికి హృదయమే ఆశ్రయమని చెప్పినది. భేలసంహిత మనస్సు శిరస్సుకూ తాలువుకూ నడుమ ఉన్నదనీ, చిత్తం హృదయాన్ని ఆశ్రయించి ఉన్నదనీ విభజించినది. తంజావూరు సరస్వతీ మహలులో తెలుగు లిపిలో లభించిన ప్రతి మూలంగా ఈ సంహిత 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం పక్షాన అచ్చయినది. ఈ ప్రశ్నకు ఆధునిక శారీరశాస్త్రం ఇచ్చిన సమాధానాన్ని వాక్కు, ధారణ అనే రెండు వ్యాపారాల ద్వారా పరిశీలించడం భాషాధ్యాపకులకు ఉపయుక్తం.

వయోజనుని మస్తిష్కం సుమారు 1,400 గ్రాముల బరువుంటుంది. ఇందులో పెద్దమెదడు, చిన్నమెదడు, మస్తిష్క కాండం అని మూడు ప్రధాన భాగాలు. శ్వాస, హృదయస్పందనల నియంత్రణ కాండానిది. చలనాలలో పొందిక, శరీరపు నిలకడ చిన్నమెదడు వలన కలుగుతాయి. పెద్దమెదడులోని ప్రతి అర్ధగోళానికి నాలుగు ఖండాలు. నుదుటివైపున్న లలాటఖండం సంకల్పానికీ, వివేచనకూ, ఐచ్ఛిక చలనాలకూ స్థానం. నడినెత్తిన ఉన్న కుడ్యఖండం స్పర్శను గ్రహిస్తుంది. పెడతలవైపు ఖండం చూపుకు సంబంధించినది. కణతలవైపున్నది శంఖఖండం, ఆయుర్వేదంలో కణతకు శంఖమనే పేరున్నందున ఈ పరిభాష సార్థకం. శ్రవణం, స్మృతి దీని ముఖ్య వ్యాపారాలు.

1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా ఒక రోగిని పరీక్షించాడు. అతనికి ఇతరుల మాట అర్థమయ్యేది గాని, నోట ‘టాన్’ అన్న ధ్వని తప్ప దాదాపు మరేదీ వెలువడేది కాదు. మరణానంతరం అతని ఎడమ లలాటఖండంలో క్షతం కనబడినది. 1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె ఇందుకు విపరీతమైన లోపాన్ని వర్ణించాడు. ఎడమ శంఖఖండపు వెనుకభాగం దెబ్బతిన్నవారు ధారాళంగా మాట్లాడుతారు. కాని ఆ మాటలకు అర్థసంగతి ఉండదు, ఎదుటివారి మాట బోధపడదు. శబ్దోచ్చారణ, అర్థగ్రహణం వేర్వేరుగా చెడగలవని దీనివలన తేలినది. అయితే వాక్కు ఈ రెండు చోట్లనే బంధింపబడి ఉన్నదని భావింపరాదు. బ్రోకా భద్రపరచిన మస్తిష్కాలను పునఃపరిశీలించగా, క్షతం ఆయన గుర్తించినదానికంటె లోతుగా వ్యాపించి ఉన్నట్లు 2007లో వెల్లడైనది. పలు ప్రాంతాలను కలిపే నాడీతంతువుల సమష్టి వ్యాపారమే వాక్కు అన్నది నేటి అభిప్రాయం.

ఇందులో వైయాకరణులు గమనింపదగిన విషయమొకటి ఉన్నది. బ్రోకా ప్రాంతపు లోపం గల ఆంగ్లభాషీయులు ప్రత్యయాలను తరచు విడిచివేస్తారు. ప్రత్యయం లేనిదే పదం నిలువని భాషలలో రోగులు ప్రత్యయాన్ని వదలక, ఒకదానికి మారుగా మరొకదానిని చేరుస్తారు. అనగా రోగంలోనూ భాష తన పదనిర్మాణ నియమాన్ని పూర్తిగా విడువదు.

ఇక ధారణ. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే అపస్మార రోగికి చేసిన శస్త్రచికిత్సలో శంఖఖండాల లోపలివైపున్న హిప్పోకాంపస్ భాగం ఇరుపక్కలా చాలవరకు తొలగింపబడినది. ఆపై 2008లో మరణించేవరకు అతనికి కొత్త సంఘటనలు జ్ఞాపకం నిలువలేదు. కాని అద్దంలో చూస్తూ బొమ్మగీతను అనుసరించే నేర్పు అభ్యాసంతో అలవడినది. అభ్యసించిన సంగతి మాత్రం గుర్తులేదు. స్మృతి ఒక్కటే కాదనీ, అనుభవస్మృతికీ అభ్యాససంస్కారానికీ ఆధారాలు వేరనీ ఇందువలన స్పష్టమైనది.

వేదపాఠులకు సంబంధించిన పరిశోధన ఒకటి 2016లో ప్రకటింపబడినది. శుక్లయజుర్వేదం కంఠస్థం చేసిన 21 మంది పండితుల మస్తిష్క చిత్రాలను అంతేమంది ఇతరుల చిత్రాలతో పోల్చగా, ఉభయ శంఖఖండాల పార్శ్వభాగాలలోను, హిప్పోకాంపస్‌లోను ధూసరపదార్థం అధికంగా కానవచ్చినది. అయితే ఇది ఒకే కాలంలో తీసిన చిత్రాల పోలిక. అధ్యయనం వలననే ఈ భేదం కలిగినదా, అట్టి మస్తిష్కం గలవారే ఆ విద్యలో నిలిచినారా అన్నది దీనివలన నిర్ణయం కాదు. కంఠస్థవిద్యను నిరర్థకమని త్రోసిపుచ్చేవారికి ఇది ఆలోచింపదగిన సాక్ష్యం; మంత్రశక్తికి నిరూపణమని ప్రచారం చేసేవారికి ఆధారం కాదు. హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ పరిశోధకులు 2013లో ప్రకటించిన అధ్యయనంలో 648 మంది మతిక్షయ రోగులను పరిశీలించగా, ఒకటికంటె ఎక్కువ భాషలు తెలిసినవారికి వ్యాధి సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా మొదలైనట్లు కనబడినది. నిరక్షరాస్యులలోనూ ఈ తేడా ఉండుట విశేషం.

పాణినీయశిక్ష వాగుత్పత్తిని వర్ణిస్తూ, ఆత్మ బుద్ధితో అర్థాలను సమకూర్చి, వివక్షతో మనస్సును నియోగించిన పిమ్మటనే వాయువు కదలి వర్ణాలు పుడతాయని చెప్పినది. అర్థసంకల్పం ముందు, ఉచ్చారణ తరువాత అన్న క్రమంలో ప్రాచీన, ఆధునిక దృష్టులకు సామ్యమున్నది. అంతమాత్రాన మధ్యమావాక్కే బ్రోకా ప్రాంతమని సమీకరించుట శాస్త్రద్వయానికీ అన్యాయం. ఒకటి అంతర్ముఖ విచారం వలన, మరొకటి క్షతపరీక్ష వలన లభించిన జ్ఞానం. ప్రమాణభేదాన్ని పాటిస్తూ రెండింటినీ పక్కపక్కన బోధించుటయే అధ్యాపకులకు ఉచితమైన మార్గం.