జీనోముల పాఠాంతరచిత్రణము

తాళపత్రప్రతులను పరిష్కరించువారు ఒక ప్రతిని మాతృకగా గైకొని, తక్కిన ప్రతులను దాని ప్రక్కన నుంచి, యెచట నక్షరము మాఱినదో, యెచట పద్యము లోపించినదో చూతురు. జీనోములను పోల్చి చూపు సాఫ్ట్‌వేరులు చేయు పనియు నిట్టిదే. వరి జీనోము పండ్రెండు క్రోమోసోములుగా విభక్తమై, నాలుగే యక్షరములతో వ్రాయబడిన సుమారు 39 కోట్ల యక్షరముల గ్రంథమువంటిది. దానిని కంటితో చదివి పోల్చుట యసాధ్యము. కావున నొక్కొక్క క్రోమోసోమును నిలువుగీతగా గీసి, యే భాగ మే వంశమునుండి వచ్చినదో రంగులచే దెలుపుదురు. ఈ పద్ధతిని 1989లో యంగ్, టాంక్‌స్లీ యను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. ఇట్టి పటములను గీయుటకు 1999లో నెదర్లాండ్సునందలి వాహెనింగెనున జీజీటీ యను సాఫ్ట్‌వేరు వెలసినది.

దీని ప్రయోజనమునకు గోదావరి మండలపు వరియే నిదర్శనము. పశ్చిమగోదావరిలోని మార్టేరు పరిశోధనస్థానమున వసిష్ఠ, మసూరి వంగడముల సంకరముచే బుట్టిన స్వర్ణ (ఎం.టి.యు. 7029) 1982లో విడుదలయ్యెను. అది రైతుల యభిమానమును బడసినను, పలుదినములు వరదనీట మునిగినచో నిలువజాలదు. ఒడిషాకు జెందిన ఎఫ్.ఆర్. 13ఎ యను వంగడము రెండువారములదాక మునుకను సహించును. ఆ శక్తికి మూలమైన సబ్1 భాగమును, దాని సంతతివరినుండి అంతర్జాతీయ వరి పరిశోధనసంస్థవారు స్వర్ణలోనికి దెచ్చిరి. సంకరసంతానమును మరల మరల స్వర్ణతోనే సంకరపఱచుచు, ప్రతితరమునను వంశభేదమును దెలుపు గుర్తులను పరీక్షించిరి. ఆ ఫలితమును పటముగా గీసినచో, తొమ్మిదవ క్రోమోసోమున సబ్1 గల తునుక మాత్రమే పరవంశపు రంగున నుండి, తక్కినదంతయు స్వర్ణరంగున నుండు మొక్కను ఏఱుకొనుట సులభము. స్వర్ణ-సబ్1 భారతదేశమున 2009లో విడుదలయ్యెను.

అయినను పటమును నమ్ముటకు ముందు రెండు సంగతు లెఱుగవలెను. రెండు గుర్తుల నడిమి రంగు ఊహయే కాని చదువబడిన పాఠము కాదు. రెండవది మాతృకనుగూర్చినది. 2005లో ప్రకటింపబడిన వరి ప్రమాణపాఠము నిప్పొన్‌బారె యను జపానువరికి సంబంధించినది. అందు సబ్1ఎ జన్యువే లేదు. ఆ పాఠమును మాత్రమే యాధారముగా గొని గీసిన పటమున నా జన్యువునకు చోటే యుండదు. లోప మున్నదనియు చూపఱకు దోపదు. మునుకను సహించు వంశముయొక్క యా భాగమునే చదువుటచేత సబ్1ఎ 2006లో వెల్లడియయ్యెను.

2014లో ఇంచుమించు 3,000 వరివంగడముల జీనోములు ప్రకటింపబడుటతో పోల్చుటకు ప్రతులు సమృద్ధిగా లభించినవి. మాతృకలో లేని పద్యము ప్రక్షిప్తమో, మాతృకయే ఖిలమో నిర్ణయించుటకు పెక్కుప్రతులు చూడవలసినట్లే, వరియందును ఏకమాతృకతో దృప్తి నొందరాదు.